ఇంటి కేఎన్ఎక్స్ బస్‌ను కంప్యూటర్‌కు కలపాలంటే: యూఎస్‌బీనా, ఐపీనా, రాస్ప్‌బెర్రీ పై బోర్డా?

మా ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, కర్టెన్లు, ఏసీలు అన్నీ కేఎన్ఎక్స్ మీదే నడుస్తాయి. స్విచ్‌లూ పరికరాలూ ఒకే కేబుల్ మీద మాట్లాడుకునే హోమ్ ఆటోమేషన్ పద్ధతి ఇది, ఆ కేబుల్‌నే బస్ అంటారు. వైరింగ్ చేసి వెళ్లిన ఇన్‌స్టాలర్ గృహప్రవేశం అయిన కొన్నాళ్లకే ఫోన్ ఎత్తడం మానేశారు. మెట్ల దగ్గరి స్విచ్‌తో వరండా లైటు వెలిగేలా మార్చుకుందామన్నా దారి లేకుండా పోయింది. గోడల్లో తిరుగుతున్న ఆ ఆకుపచ్చ కేబుల్‌ను నా కంప్యూటర్‌కు ఎలా కలపాలా అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను. మూడేళ్లలో యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ వాడాను, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద బోర్డు పెట్టి చూశాను, చివరికి ఐపీ ఇంటర్‌ఫేస్ దగ్గర స్థిరపడ్డాను. కొత్త ఇంట్లో కేఎన్ఎక్స్ వేయించుకుంటున్న స్నేహితులు నన్ను తరచూ అడిగేది ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఇంట్లో రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ బస్‌తో మాట్లాడాలంటే ఇంటి నెట్‌వర్క్‌కు కలిసే ఐపీ ఇంటర్‌ఫేస్‌ను, కనీసం నాలుగు టన్నెళ్లు (ఒకేసారి తెరవగల కనెక్షన్లు) ఉన్నదాన్ని కొనండి. ప్రోగ్రామింగ్ కోసం ఏడాదికి రెండు మూడుసార్లు ల్యాప్‌టాప్ కలిపితే చాలనుకుంటే యూఎస్‌బీ సరిపోతుంది. ఐపీ రూటర్ అనేది ఒకటి కంటే ఎక్కువ లైన్లు (విడివిడి బస్ భాగాలు) ఉన్న పెద్ద ఇళ్లకు. లినక్స్‌తో పని చేయడం మీకు ఇష్టమైతేనే రాస్ప్‌బెర్రీ పై బోర్డు జోలికి వెళ్లండి. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఆకుపచ్చ కేబుల్‌లో ఏముంది

మొదట మీ ఇంట్లో ఉన్నది నిజంగా కేఎన్ఎక్స్ అవునో కాదో చూసుకోండి. డీబీలో (కరెంటు డిస్ట్రిబ్యూషన్ బాక్సులో) ఉన్న పరికరాల మీద కేఎన్ఎక్స్ లోగో, ఒక చిన్న ప్రోగ్రామింగ్ బటన్, దాని పక్కన ఎర్ర ఎల్‌ఈడీ ఉంటాయి. కేబుల్ సాధారణంగా ఆకుపచ్చగా ఉంటుంది. లోపలి ఎరుపు, నలుపు తీగల జతే బస్, పసుపు, తెలుపు తీగలు అదనంగా ఉంచినవి. బస్‌కు నాలుగు తీగలూ వాడి, 24 వోల్టులతో నడిచే వేరే కంపెనీ సిస్టమ్‌లు కూడా మన దగ్గర బాగానే వేస్తున్నారు. వాటికి ఇక్కడ చెప్పేదేదీ పనికిరాదు.

యూరప్‌లో ఈఐబీ, బ్యాటీబస్, ఈహెచ్ఎస్ అని మూడు వేర్వేరు పద్ధతులుండేవి. ఆ మూడింటి సంఘాలు 1999లో ఒక్కటై తయారు చేసుకున్నదే కేఎన్ఎక్స్. 2006లో ఇది అంతర్జాతీయ ప్రమాణం అయింది. దీనివల్ల మనకు కలిగే మేలు పెద్దది. మీ స్విచ్‌లు ఒక కంపెనీవి, స్విచ్ చెప్పగానే లైటునో ఫ్యాన్‌నో నడిపే యాక్చుయేటర్లు ఇంకో కంపెనీవి అయినా సరే, ఇంటర్‌ఫేస్ మూడో కంపెనీది కొనుక్కోవచ్చు. 'మా బ్రాండ్‌దే పెట్టాలి' అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ రెండు తీగల మీదే దాదాపు 30 వోల్టుల డీసీ కరెంటూ వెళుతుంది, సెకనుకు 9600 బిట్ల వేగంతో సమాచారమూ వెళుతుంది. పవర్ సప్లైలో చోక్ అనే కాయిల్ ఉండబట్టే కరెంటు, సిగ్నల్ ఒకదాన్నొకటి చెరపకుండా సాగుతాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 'ఆర్‌ఎస్-485 యూఎస్‌బీ స్టిక్ ఒకటి ఇంట్లో పడి ఉంది, అది పెడితే సరిపోదా?' అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. రెండు తీగలే కనిపించినా అది ఆర్‌ఎస్-485 అనే సీరియల్ పద్ధతి కాదు. 30 వోల్టులు ఆ స్టిక్‌లోకి వెళితే స్టిక్‌తో పాటు ల్యాప్‌టాప్ పోర్టు కూడా పోవచ్చు. లాన్ పోర్టుకు నేరుగా కలిపే ఆలోచన కూడా అంతే. మధ్యలో కేఎన్ఎక్స్ కోసం చేసిన ఇంటర్‌ఫేస్ ఉండి తీరాలి.

యూఎస్‌బీ: చేతికి తొందరగా అందేది

నేను మొదట కొన్నది ఇదే. డీబీలో పట్టే చిన్న మాడ్యూల్. ఒకవైపు ఎరుపు, ముదురు బూడిద రంగు బస్ కనెక్టర్, ఇంకోవైపు యూఎస్‌బీ సాకెట్. విండోస్ దీన్ని కీబోర్డు, మౌస్‌లను గుర్తుపట్టినట్టే గుర్తుపడుతుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఈటీఎస్ తెరిస్తే ఇంటర్‌ఫేస్ జాబితాలో వెంటనే కనిపిస్తుంది. కేఎన్ఎక్స్ పరికరాలను ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్ ఈటీఎస్. ఇది విండోస్ మీదే నడుస్తుంది. ఇళ్ల యజమానుల కోసం 64 పరికరాల వరకు పనికొచ్చే హోమ్ లైసెన్స్ కూడా ఉంది.

ఆ మొదటి సాయంత్రం నాకింకా గుర్తుంది. మెట్ల కింద డీబీ ముందు పీట వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఈటీఎస్‌లో బస్ మీది సందేశాలను చూపించే గ్రూప్ మానిటర్ తెరిచాను. "పూజ గది లైటు వేశానురా!" అని పైనుంచి అమ్మ కేకేసింది. అప్పటికే స్క్రీన్ మీద ఒక లైను పడింది: పంపిన స్విచ్ అడ్రస్ 1.1.23, గ్రూప్ అడ్రస్ (ఆదేశం ఏ పనికో చెప్పే నంబరు) 1/1/7, విలువ 01. రెప్పపాటులో ఇంకో లైను వచ్చింది, లైటు వెలిగిందని యాక్చుయేటర్ పంపిన స్టేటస్. అమ్మ ఒక్కో గదిలో ఒక్కో స్విచ్ నొక్కి చెబుతూ పోయింది, నేను నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను. రెండున్నర గంటల్లో ఇంట్లో ఏ స్విచ్ ఏ అడ్రస్‌కు మాట్లాడుతోందో పట్టిక తయారైంది. ఇంటి ప్రోగ్రామింగ్ అంతా ఉండే ప్రాజెక్ట్ ఫైల్‌ను ఇన్‌స్టాలర్ ఇవ్వకపోయినా మా ఇల్లు మాకు అర్థం కావడం ఆ రోజే మొదలైంది.

ఇలా కూర్చుని చేసే పనులన్నిటికీ యూఎస్‌బీ మంచిది. దానికి నెట్‌వర్క్‌తో సంబంధం లేదు. వైఫై పోయినా, రూటర్ చెడిపోయినా ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పని కానిచ్చుకోవచ్చు. నాణ్యమైన ఇంటర్‌ఫేస్‌లలో బస్‌కూ కంప్యూటర్‌కూ మధ్య విద్యుత్ సంబంధం లేకుండా ఐసోలేషన్ కూడా ఉంటుంది.

24 గంటలు నడిచే సిస్టమ్‌కు వాడబోతేనే తేడా తెలుస్తుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లకు మించకూడదు కాబట్టి కంప్యూటర్ డీబీ పక్కనే ఉండాలి. ఆ కంప్యూటర్ ఒక్కటే దాన్ని వాడగలదు. అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఇంటి పరికరాలన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని కేఎన్ఎక్స్ ఇంటిగ్రేషన్ ఐపీ మీదే పని చేస్తుంది, యూఎస్‌బీని నేరుగా తీసుకోదు. మధ్యలో కేఎన్ఎక్స్‌డీ అనే లినక్స్ ప్రోగ్రామ్ నడపాలి. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈఐబీడీకి ఇది వారసురాలు. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ను తీసుకుని నెట్‌వర్క్‌లో ఐపీ ఇంటర్‌ఫేస్‌లా కనిపించేలా చేస్తుంది. నేను ఎనిమిది నెలలు అలాగే నడిపాను. పని చేసింది, కానీ ఏదైనా ఆగితే తప్పు ఎక్కడుందో చూడాల్సిన చోట్లు ఎక్కువయ్యాయి.

సెకండ్ హ్యాండ్ యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ తక్కువకు వస్తోందని కొనేముందు లాంగ్ ఫ్రేమ్ సపోర్ట్ (పొడవాటి సందేశాలు పంపగలగడం) ఉందా అని అడగండి. పాతవాటిలో ఉండదు. అది లేకపోతే కొత్త పరికరాల్లోకి డౌన్‌లోడ్ చాలా సేపు పడుతుంది, సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసే కేఎన్ఎక్స్ సెక్యూర్ పరికరాలనైతే అసలు కమిషన్ చేయలేరు (వాడకానికి సిద్ధం చేయలేరు).

ఐపీ ఇంటర్‌ఫేస్: టన్నెళ్లు లెక్కపెట్టుకుని కొనండి

దీనికి ఒకవైపు బస్, ఇంకోవైపు లాన్ కేబుల్. ఇంట్లో ఏ కంప్యూటరైనా నెట్‌వర్క్ ద్వారా దీనితో ఒక కనెక్షన్ తెరుచుకుని బస్‌తో మాట్లాడుతుంది. ఆ కనెక్షన్‌నే టన్నెల్ అంటారు. కంప్యూటర్ ఎక్కడున్నా పర్వాలేదు, దాన్ని మార్చినా, కొత్తది పెట్టినా డీబీ తెరవాల్సిన పని లేదు. యూఎస్‌బీతో పోలిస్తే ధరలో తేడా మరీ పెద్దగా ఉండదు. అందుకే చాలా ఇళ్లకు నా ఓటు దీనికే.

కొనేటప్పుడు మాత్రం టన్నెళ్లు ఎన్నో చూడాలి. నాకు మొదట దొరికిన ఐపీ ఇంటర్‌ఫేస్‌లో ఒకే ఒక టన్నెల్ ఉండేది. హోమ్ అసిస్టెంట్ దాన్ని పట్టుకుని కూర్చునేది. ఈటీఎస్‌తో ఏదైనా మార్చాలంటే ఖాళీ కనెక్షన్ లేదని తిప్పికొట్టేది. హోమ్ అసిస్టెంట్‌ను ఆపి, పని చేసుకుని, మళ్లీ స్టార్ట్ చేసేవాణ్ణి. ఇంకో చికాకు కూడా ఉంది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే టన్నెల్ వెంటనే ఖాళీ అవదు. 60 సెకన్లకోసారి 'ఉన్నావా' అన్న పలకరింపు నడుస్తుంటుంది, అది రాకుండా 120 సెకన్లు గడిస్తేనే ఇంటర్‌ఫేస్ ఆ కనెక్షన్‌ను వదులుతుంది. ఒకే టన్నెల్ ఉంటే ఆ రెండు నిమిషాలు చూస్తూ కూర్చోవడమే. హోమ్ అసిస్టెంట్‌కు ఒకటి, ఈటీఎస్‌కు ఒకటి, ఫోన్‌లోనో గోడ మీది టాబ్లెట్‌లోనో యాప్‌కు ఒకటి, అవసరానికి ఇంకోటి. ఈ లెక్కతోనే నాలుగు అన్నాను. వైన్‌జియర్ల్, ఎండీటీ లాంటి కంపెనీల దగ్గర నాలుగైదు టన్నెళ్లవి దొరుకుతాయి.

మన ఇళ్లల్లో ఐపీ ఇంటర్‌ఫేస్‌కు అసలు అడ్డంకి వేరే ఉంటుంది. డీబీ మెట్ల కిందో యుటిలిటీలోనో ఉంటుంది, ఇంటర్నెట్ రూటర్ హాల్లో టీవీ దగ్గర ఉంటుంది, మధ్యలో లాన్ కేబుల్ వేసి ఉండదు. ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లు ఇప్పుడే కరెంటు పైపులో కాకుండా వేరే పైపులో ఒక క్యాట్-6 కేబుల్ డీబీ దాకా లాగించుకోండి. తర్వాత గోడ కొట్టించడం కంటే ఆ ఖర్చు ఎంతో తక్కువ. ఇల్లు పూర్తయిపోయినవాళ్లకూ దారి ఉంది. ఇంటర్‌ఫేస్ డీబీలోనే ఉండాలన్న నియమం ఏమీ లేదు. బస్ ఏ కొమ్మ నుంచైనా పట్టుకోవచ్చు, రింగులా మాత్రం కలపకూడదు. రూటర్ దగ్గర గోడలో కేఎన్ఎక్స్ స్విచ్ ఏదైనా ఉంటే దాని వెనక ఆకుపచ్చ కేబుల్ ఉన్నట్టే. అక్కడి నుంచి ఒక ముక్క తీసి, చిన్న ప్లాస్టిక్ బాక్సులో ఇంటర్‌ఫేస్ బిగించి, రూటర్‌కు రెండడుగుల లాన్ కేబుల్ వేస్తే అయిపోయింది. మా ఇంట్లో చేసింది అదే. డీబీ తెరిచినా, స్విచ్ బాక్సు విప్పినా పక్కనే 230 వోల్టులు ఉంటాయి కాబట్టి ఎంసీబీ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ఇంటర్‌ఫేస్‌కు మారని ఐపీ అడ్రస్ ఇవ్వండి. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ కంటే ముందే అది లేస్తుంది. అడ్రస్ కోసం రూటర్‌ను అడిగి, జవాబు రాక వేరే అడ్రస్ తీసుకుంటే మీ కంప్యూటర్‌కు ఇక అది కనిపించదు.

ఐపీ రూటర్ ఎవరికి

పేరు ఒకేలా ఉన్నా పని వేరు. కేఎన్ఎక్స్‌లో సాధారణంగా ఒక లైన్ సెగ్మెంట్‌కు 64 పరికరాలు, మొత్తం 1000 మీటర్ల కేబుల్ పరిమితి. అంతస్తుకో లైన్ చొప్పున వేసిన పెద్ద విల్లాలో ఆ లైన్లను నెట్‌వర్క్ ద్వారా కలపడానికి ఐపీ రూటర్ వాడతారు. అవి ఒకదానితో ఒకటి 224.0.23.12 అనే మల్టీకాస్ట్ అడ్రస్ (ఒకటి పంపితే వినేవాటన్నిటికీ అందేది) మీద మాట్లాడుకుంటాయి. వైఫై మీద మల్టీకాస్ట్ సరిగ్గా సాగదు, కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లు దాన్ని మధ్యలోనే ఆపేస్తాయి. ఏ సందేశం ఏ లైన్‌లోకి వెళ్లాలో చెప్పే ఫిల్టర్ టేబుల్ కూడా ఈటీఎస్‌లో సరిగ్గా పెట్టాలి.

ఒకే లైన్ ఉన్న ఇంటికి ఇది అక్కర్లేదు. కొటేషన్‌లో ఐపీ రూటర్ రాసి ఉంటే 'మా ఇంట్లో ఎన్ని లైన్లు?' అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు ఒకటే అయితే ఇంటర్‌ఫేస్‌కు మార్పించుకోండి, ఖర్చు కలిసొస్తుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద బోర్డు

నాలుగింటిలోనూ తక్కువ ఖర్చుతో అయ్యేది ఇదే, ఎక్కువ నేర్పేదీ ఇదే. పై పిన్నుల మీద కూర్చునే చిన్న బోర్డు ఒకవైపు బస్‌తో, ఇంకోవైపు సీరియల్ పోర్టు ద్వారా పై‌తో మాట్లాడుతుంది. కేబెర్రీ అనే బోర్డు ఇలాంటిదే. బస్ సిగ్నల్‌ను సీరియల్‌గా మార్చే టీపీ-యూఆర్ట్ చిప్‌తో తయారైన బోర్డులు, స్టిక్కులు కూడా ఉన్నాయి. పైన చెప్పిన కేఎన్ఎక్స్‌డీ ఇక్కడ కూడా కావాలి.

దీని మీద నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది. బోర్డు సరిగ్గానే ఉంది, బస్ సరిగ్గానే ఉంది, కానీ ఒక్క టెలిగ్రామ్ (బస్ మీది సందేశం) కూడా రావట్లేదు. చివరికి తేలిందేమిటంటే పై 3, పై 4లలో అసలైన సీరియల్ పోర్టును బ్లూటూత్‌కు ఇచ్చి, పిన్నుల మీదకు మినీ యూఆర్ట్ అనే చిన్న పోర్టును పంపిస్తారు. ఆ చిన్న పోర్టుకు పారిటీ బిట్ (తప్పు పట్టడానికి పంపే అదనపు బిట్) రాదు. కేఎన్ఎక్స్ చిప్‌కు 19200 వేగం, ఈవెన్ పారిటీ తప్పనిసరి. బూట్ కాన్ఫిగ్ ఫైల్లో బ్లూటూత్ ఆపే ఓవర్‌లే లైను రాసి, సీరియల్ కన్సోల్ తీసేసి, రీబూట్ చేయగానే టెలిగ్రామ్‌లు వరసగా పడ్డాయి. మీరూ ఇదే దారిలో వెళుతుంటే బోర్డును అనుమానించే ముందు ఇది చూడండి.

బోర్డు కొనేముందు ఐసోలేషన్ ఉందో లేదో తప్పకుండా అడగండి. అది లేని బోర్డు వల్ల మీ కంప్యూటర్ గ్రౌండ్, ఇల్లంతా పాకిన బస్ తీగ ఒక్కటైపోతాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈదురు గాలులు, పిడుగులు మామూలే. దగ్గర్లో పిడుగు పడితే పొడవాటి తీగల్లోకి వచ్చే సర్జ్ ఎక్కడికి పోతుందో ఆలోచించండి.

మా పై పోయింది పిడుగుతో కాదు, కరెంటు కోతతో. ఒక మే మధ్యాహ్నం గాలివానకు పది నిమిషాల్లో మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. ఎస్డీ కార్డు పాడై పై మళ్లీ లేవలేదు. ఆ సాయంత్రం నేను టెన్షన్ పడుతుంటే ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. స్విచ్‌లు నొక్కితే లైట్లు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. కేఎన్ఎక్స్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. అన్నిటినీ నడిపే ఒక పెద్ద బాక్స్ ఉండదు, ప్రతి స్విచ్‌లో, ప్రతి యాక్చుయేటర్‌లో దాని తెలివి దానికే ఉంటుంది. కంప్యూటర్ పోతే టైమర్లు, ఫోన్ యాప్, గ్రాఫులు పోతాయి, ఇల్లు ఆగదు. అందుకే ముఖ్యమైన పనులు ఎప్పుడూ పరికరాల్లోనే ప్రోగ్రామ్ చేయించండి, కంప్యూటర్ మీద పెట్టకండి. ఏ ఇంటర్‌ఫేస్ తీసుకున్నా సరే, ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ వాడండి, దాన్నీ ఇంటర్నెట్ రూటర్‌నూ కేఎన్ఎక్స్ పవర్ సప్లైనీ యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయాక పవర్ సప్లై తనంతట తాను బస్‌ను నిలబెట్టగలిగేది చాలావాటిలో 200 మిల్లీసెకన్ల వరకే.

3671 పోర్టు బయటికి తెరవకండి

ఐపీ ఇంటర్‌ఫేస్ పెట్టగానే ఆఫీసు నుంచి కూడా ఇల్లు చూసుకోవాలని అనిపిస్తుంది. కొందరు ఇన్‌స్టాలర్లు కేఎన్ఎక్స్ ఐపీ వాడే 3671 పోర్ట్‌ను రూటర్‌లో ఫార్వర్డ్ చేసేసి (అంటే ఇంటర్నెట్‌కు తెరిచేసి) 'అయిపోయింది సార్' అంటారు. దయచేసి అలా చేయించుకోకండి. 2021లో జర్మనీలో ఒక ఆఫీసు భవనంలో సరిగ్గా ఇలా తెరిచి ఉంచిన యూడీపీ పోర్టు గుండా ఎవరో లోపలికి వచ్చారు. పరికరాల్లోని ప్రోగ్రామ్ తుడిచేసి, బీసీయూ కీ అనే పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేశారు. దాదాపు నాలుగింట మూడు వంతుల పరికరాలు పనికిరాకుండా పోయి, లైట్లు వేయడానికి సెంట్రల్ బ్రేకర్లను ఆశ్రయించాల్సి వచ్చింది. ఒక పరికరం మెమరీ నుంచి ఆ కీని ఆస్ట్రియాకు చెందిన లైమ్స్ సెక్యూరిటీ నిపుణులు బయటికి తీయగలిగారు కాబట్టి భవనం మళ్లీ దారిలో పడింది. అది లేకపోతే పరికరాలన్నీ కొత్తవి కొనాల్సిందే.

బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ వాడండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కొత్తగా కొంటున్నవాళ్లు కేఎన్ఎక్స్ ఐపీ సెక్యూర్ ఉన్న ఇంటర్‌ఫేస్ తీసుకోండి. దాని మీద అంటించి వచ్చే క్యూఆర్ స్టిక్కర్‌ను ఫోటో తీసి దాచుకోండి, అది పోతే సెక్యూర్‌గా కమిషన్ చేయడం కుదరదు.

ఇంటర్‌ఫేస్ కొనకముందే అడగాల్సినవి

మీ పని ఇంకా నడుస్తుంటే చివరి పేమెంట్ ఇచ్చే ముందు ఇన్‌స్టాలర్ దగ్గర ఈటీఎస్ ప్రాజెక్ట్ ఫైల్, దాని పాస్‌వర్డ్, బీసీయూ కీ పెట్టి ఉంటే ఆ కీ తీసుకోండి. ఫైల్ తీసుకుని ఊరుకోకుండా మీ ఎదురుగా తెరిపించి చూడండి. ఆ ఫైల్ ఉంటే హోమ్ అసిస్టెంట్‌లోకి దిగుమతి చేసుకోవచ్చు, ఏ అడ్రస్ ఏ గదిదో పేర్లతో సహా వస్తుంది. మేమైతే అమ్మతో స్విచ్‌లు నొక్కించి అడ్రస్‌లు కనిపెట్టాం గానీ, స్విచ్‌ల లోపలి పారామీటర్లు అలా దొరకవు. ఫైల్ లేకపోవడం వల్ల మేం రెండు స్విచ్‌లను మొదటి నుంచి ప్రోగ్రామ్ చేసుకోవాల్సి వచ్చింది.

ఇంటర్‌ఫేస్ బిగించాక ఇంకొక్క పని మిగులుతుంది. ప్రతి టన్నెల్‌కూ బస్ మీద సొంత అడ్రస్ కావాలి, అది ఆ లైన్‌లో ఇంకెవరికీ ఉండకూడదు. ఇంటర్‌ఫేస్‌ను అలాగే వదిలేస్తే దాని అడ్రస్‌లు ఏదో ఒక స్విచ్ అడ్రస్‌తో కలిసిపోయి అర్థం కాని తప్పులు వస్తాయి. మేం 1.1.250 నుంచి 1.1.253 వరకు టన్నెళ్లకు ఇచ్చాం. ఏ అడ్రస్ హోమ్ అసిస్టెంట్‌ది, ఏది ఈటీఎస్‌ది అన్నది ఒక కాగితం మీద రాసి, ఇంటర్‌ఫేస్ ఐపీ అడ్రస్‌తో పాటు డీబీ తలుపు లోపలివైపు అంటించాను. ఈమధ్య ఏసీ గేట్‌వే (ఏసీని బస్‌కు కలిపే పరికరం) మార్చడానికి వచ్చిన కొత్త కుర్రాడు ముందు ఆ కాగితం ఫోటో తీసుకున్నాకే పని మొదలుపెట్టాడు.